ఎండాకాలం సెలవులకి కౌంటీ పార్కు: ఫెయిర్‌ఫాక్స్‌లో పిల్లల ప్రోగ్రాములు, వాలంటీరు పని ఎలా మొదలుపెట్టాలి

జూన్ మధ్యలో బడి మూసేస్తారు. ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఒక మూల పిల్లలు ఐప్యాడ్‌తో, ఇంకో మూల ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు యూట్యూబ్‌తో. మనం పైగదిలో మీటింగుల్లో ఉంటాం. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో షాంటిలీ, సెంటర్‌విల్, హెర్న్‌డన్ చుట్టుపక్కల చాలా తెలుగు ఇళ్లలో వేసవి ఇలాగే గడిచిపోతుంది. మా ఇంట్లోనూ మొదటి రెండేళ్లు అంతే. మూడో ఏడు ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న కౌంటీ పార్కుకి వెళ్లడం మొదలుపెట్టాం. అప్పటినుంచి నేర్చుకున్నవి వరసగా చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. సెలవుల్లో పది పార్కులు చుట్టేద్దామని ప్లాన్ వెయ్యకండి. ఒక్క పార్కు పట్టుకుని పదిసార్లు వెళ్లండి. మూడోసారికి కౌంటర్ దగ్గర ఉన్నావిడ మీ పిల్లల్ని గుర్తుపడుతుంది. అయిదోసారికి మీ పిల్లలే వేరేవాళ్లకి తాబేలు ఎక్కడుందో చూపిస్తారు. వాలంటీరు పని కూడా అక్కడినుంచే తనంతట తాను మొదలవుతుంది.

ఏ పార్కు ఎవరిదో ముందు తేల్చుకోండి

కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒకే ఊళ్లో నాలుగు రకాల పార్కులుంటాయి. 1950లో ఏర్పడిన ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పార్క్ అథారిటీ కింద నాలుగు వందలకి పైగా పార్కులున్నాయి. బుల్ రన్, మెడోలార్క్ గార్డెన్స్ లాంటివి నోవా పార్క్స్ అనే వేరే సంస్థవి. గ్రేట్ ఫాల్స్ నేషనల్ పార్క్ సర్వీసుది. సౌత్ రైడింగ్, ఆష్‌బర్న్ వైపు ఉండేవాళ్లది లౌడన్ కౌంటీ, వాళ్ల పార్కులు మళ్లీ వేరు (బాన్షీ రీక్స్ అని అడవి లాంటి చోటు ఒకటి ఉంది, బాగుంటుంది). వెబ్‌సైటు, రిజిస్ట్రేషను, వాలంటీరు దరఖాస్తు, అన్నీ ఎవరివి వాళ్లవే. ఒకచోట ఖాతా తెరిచి ఇంకోచోట ప్రోగ్రాము వెతికితే దొరకదు. నేను ఒక సాయంత్రమంతా అలా వెతికాను.

డబ్బు లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. గ్రేట్ ఫాల్స్‌కి కారుకి ఇరవై డాలర్లు కట్టి లోపలికి వెళ్తాం. దానికి కాస్త ఎగువన, అదే పొటోమాక్ ఒడ్డున కౌంటీ వాళ్ల రివర్‌బెండ్ పార్కు ఉంది. అక్కడ ప్రవేశానికి ఏమీ కట్టక్కర్లేదు. ఓపిక ఉంటే నది పక్క దారిలో నడుచుకుంటూ గ్రేట్ ఫాల్స్ దాకా వెళ్లొచ్చు.

నేచర్ సెంటర్ ఉన్న పార్కే ఎంచుకోండి

పార్కు అంటే ఉయ్యాల, జారుడుబల్ల అనుకుంటే ఏ పార్కైనా ఒకటే. మనకి కావలసింది నేచర్ సెంటర్ ఉన్నది. అంటే లోపల ఒక చిన్న భవనం, తాబేళ్లు, పాములు, కప్పలు ఉన్న గాజు తొట్లు, చెట్ల గురించి అడిగితే జవాబు చెప్పే మనుషులు. అలాంటివి కౌంటీలో అయిదున్నాయి.

షాంటిలీ, సెంటర్‌విల్ వాళ్లకి దగ్గరిది ఎల్లనార్ సి. లారెన్స్ పార్కు. రూట్ 28 మీద రోజూ ఆఫీసుకి పోతూ దాని పక్కనుంచే వెళ్తుంటారు, లోపలికి మాత్రం తిరగరు. ఆనన్‌డేల్‌లో హిడెన్ ఓక్స్, చిన్నపిల్లలున్నవాళ్లకి అదే నయం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హిడెన్ పాండ్. గ్రేట్ ఫాల్స్ దగ్గర రివర్‌బెండ్. అలెగ్జాండ్రియా వైపు హంట్లీ మెడోస్. ఆ చివరిదాంట్లో చిత్తడి నేల మీద చెక్క వంతెన దారి ఉంటుంది. దాని మీద నడుస్తుంటే కాళ్ల కిందనే తాబేళ్లు, పక్కన కదలకుండా నిలబడ్డ కొంగ, ఇంకాస్త ముందుకి వెళ్తే బీవర్ అనే నీటి జంతువు కట్టిన కట్ట. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఇది మహా సుఖం, ఎత్తుపల్లాలు లేవు.

ఇవి కాక హెర్న్‌డన్‌లో ఫ్రైయింగ్ పాన్ ఫార్మ్ పార్కు ఉంది. పేరు విని నవ్వకండి. పాతకాలపు పొలం, ఆవులు, మేకలు, పందులు, కోళ్లు. మా నాన్న అక్కడ ఆవు దగ్గర నిలబడి, దాని పొదుగు చూసి ఈత ఎన్నోదై ఉంటుందో మనవడికి లెక్క చెప్పాడు. పక్కనున్న అమెరికన్ తల్లి ఆయన ఏమంటున్నాడో నన్ను అడిగి తెలుసుకుని, తన పిల్లలకి చెప్పింది.

రిజిస్ట్రేషన్: జనవరిలోనే లేవండి

రెండు రకాలున్నాయి, కలిపేయకండి.

ఒకటి వారం రోజుల క్యాంపు. వారానికి కొన్ని వందల డాలర్లు అవుతుంది. వేసవి క్యాంపుల రిజిస్ట్రేషను చలికాలంలోనే మొదలైపోతుంది. మనం మే నెలలో గుర్తొచ్చి చూసేసరికి మంచివన్నీ నిండిపోయి ఉంటాయి. కాబట్టి సంక్రాంతి పిండివంటలు అయిపోగానే పార్క్ అథారిటీ సైటులో ఇంటి ఖాతా తెరిచి, పిల్లల పుట్టినతేదీలతో సహా అన్నీ ఎక్కించి పెట్టుకోండి. రిజిస్ట్రేషను తెరిచిన రోజు పొద్దున్న ఆ పని చేస్తూ కూర్చుంటే సీటు పోతుంది. కావలసిన క్యాంపుల కోడ్ నంబర్లు కాగితం మీద రాసుకోండి. నిండిపోతే వెయిట్‌లిస్టులో పేరు ఇచ్చెయ్యండి. ఇండియా టికెట్లు ఖరారయ్యాక మానుకునేవాళ్లు చాలామంది ఉంటారు, అందుకని వెయిట్‌లిస్టు మనం అనుకున్నదానికంటే బాగానే కదులుతుంది.

రెండోది గంటా రెండు గంటల విడి ప్రోగ్రాము. వాగులో దిగి రాళ్లు తిరగేసి పురుగుల్ని చూడటం, రాత్రి నడక, గుడ్లగూబలు, నెగడు చుట్టూ కథలు, పొటోమాక్‌లో కయాక్. మనిషికి పది డాలర్లకి కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఇవి పార్క్‌టేక్స్ అనే వాళ్ల పత్రికలో, ఆన్‌లైన్‌లో ఉంటాయి. నన్నడిగితే క్యాంపు కంటే ఇవే నయం. క్యాంపులో పిల్లల్ని దింపేసి వచ్చేస్తాం, వీటిలో మనమూ కూడా ఉంటాం. వివరాల్లో రెండు సంగతులు జాగ్రత్తగా చదవండి: వయసు ఎంతనుంచి ఎంతవరకు, తోడు వచ్చే పెద్దవాళ్లకి కూడా టికెట్ కావాలా అని. మొదటిసారి మేము పిల్లలిద్దరికే కట్టి వెళ్లి గుమ్మం దగ్గర మొహాలు చూసుకున్నాం. కౌంటీ బయట ఉండేవాళ్లకి ఫీజు ఎక్కువ పడే ప్రోగ్రాములుంటాయి, లౌడన్ వాళ్లు అది కూడా చూసుకోండి.

శాకాహారులకి ఒక హెచ్చరిక. నెగడు ప్రోగ్రాముల్లో మార్ష్‌మల్లో కాల్చి ఇస్తారు. మామూలు మార్ష్‌మల్లోల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి వచ్చేది. జెలటిన్ లేనివి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి, ఒక ప్యాకెట్ సంచిలో వేసుకు వెళ్లండి.

ఏది ముందు బుక్ చెయ్యాలి అంటే, జూన్ చివర్లో చీకటిపడే వేళ ప్రోగ్రాము ఏదున్నా అది. మిణుగురుల కోసం. ఇక్కడ ఎక్కువగా కనిపించే రకంలో మగ మిణుగురు ఎగురుతూ కిందికి దిగి, మళ్లీ పైకి లేస్తూ వెలుగుతుంది. గాలిలో కొక్కెం గీసినట్టు కనబడుతుంది. ఆడది గడ్డిలో కూర్చుని ఒకటి రెండు క్షణాలు ఆగి జవాబిస్తుంది. ఈ సంగతి తెలిశాక మా అమ్మాయి గాలిలో చూడటం మానేసి గడ్డిలో వెతకడం మొదలుపెట్టింది. మీ ఇంటి వెనక కూడా ఇది చూడొచ్చు, డెక్ మీద లైటు ఆర్పేస్తే చాలు.

వెళ్లే రోజు

పొద్దున్న తొమ్మిదిలోపు వెళ్లండి. జులైలో ఇక్కడి ఉక్క మన విజయవాడకి ఏమీ తీసిపోదు. మధ్యాహ్నం పూట చెట్ల కింద కూడా ఒళ్లు జిడ్డోడుతుంది. నీళ్లు మనిషికో సీసా. వేసుకునేవి పొడుగు ప్యాంటు, మేజోళ్లు, బూట్లు. చెప్పులేసుకుని బయల్దేరే తాతయ్యని గుమ్మం దగ్గరే ఆపండి. ఎందుకో చెబుతాను.

ఒకటి, టిక్కులు. మన దగ్గర పశువులకి పట్టే గోమార్లు, పిడుదులు అంటామే, ఆ జాతే. లైమ్ జబ్బు తెచ్చే జింక టిక్కు పిల్ల గసగసాల గింజంత ఉంటుంది, కనబడదు. వీపు మీద తెల్లచుక్క ఉండే లోన్ స్టార్ టిక్కు ఇంకోటి. అది కుట్టినవాళ్లలో కొందరికి ఆ తర్వాత గొడ్డుమాంసం, పందిమాంసమే కాదు, మన మటన్ కూడా పడకుండా పోతుంది. కోడి, చేపలకి ఇబ్బంది లేదు. ఆదివారం మటన్ లేనిదే గడవని ఇళ్లలో ఈ ఒక్క మాట చెబితే చాలు, అందరూ ప్యాంటు మేజోళ్లలోకి దోపుకుంటారు.

ఇంటికి రాగానే చెయ్యవలసింది ఇది. బట్టలు విప్పి డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పండి. స్నానం చేస్తూ చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక, నడుం చుట్టూ, జుట్టు కుదుళ్లు తడిమి చూసుకోండి. టిక్కు పట్టుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనుకుని దాని తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగండి. నూనె పొయ్యడం, అగ్గిపుల్ల పెట్టడం వద్దు. తేదీ ఫోన్లో రాసి పెట్టుకోండి. ఆ తర్వాత వారాల్లో జ్వరం వచ్చినా, గుండ్రంగా దద్దురు పాకినా డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ తేదీ చెప్పండి.

రెండు, పాయిజన్ ఐవీ. మూడేసి ఆకులు, మధ్య ఆకు కాడ కొంచెం పొడుగు. చెట్టుకి పాకితే తీగకి గోధుమరంగు వెంట్రుకల్లాంటి వేళ్లు. అంటుకుంటే చర్మం పొక్కి రెండు మూడు వారాలు దురద. పెద్దవాళ్లకి ఇది ఇంగ్లీషులో చెబితే ఎక్కదు. మా అమ్మకి నేను చెప్పిన తీరు: ఇది మామిడి, నల్లజీడి కుటుంబమే. మామిడికాయ సొన అంటి మూతి పొక్కుతుందే, అలాంటి రసమే దీనికీ ఉంది, కాకపోతే పదింతలు. ఆవిడకి వెంటనే అర్థమైంది, నాకంటే ముందు తనే గుర్తుపట్టడం మొదలుపెట్టింది. తగిలిందని అనుమానం వస్తే ఎంత తొందరగా సబ్బుతో కడిగితే అంత మేలు. బూట్ల లేసులకి, కుక్క బొచ్చుకి కూడా ఆ జిడ్డు అంటుకుని ఉంటుంది, వాటినీ కడగాలి.

మూడు, పాములు. ఇక్కడ విషం ఉన్నది కాపర్‌హెడ్ ఒకటే. రాగిరంగు తల, ఒంటి మీద డమరుకాల్లాంటి మచ్చలు. దాని జోలికి పోకపోతే అది మన జోలికి రాదు. పడిపోయిన మాను కిందకి చెయ్యి పెట్టకుండా ఉంటే చాలు.

బాటలో బాక్స్ తాబేలు కనిపిస్తే పిల్లలు ఇంటికి తెచ్చుకుందామంటారు. వద్దు. అది పుట్టిన చోటు చుట్టూనే బతుకంతా తిరుగుతుంది. దూరం తీసుకెళ్లి వదిలితే ఆ చోటు వెతుక్కుంటూ రోడ్ల మీద పడుతుంది. కారు దారిలో ఉంటే, ఎటు మొహం పెట్టి పోతోందో అటువైపు గట్టు మీద పెట్టండి. మగదానికి కళ్లు ఎర్రగా ఉంటాయని చెబితే పిల్లలు ఆ కళ్లు చూడటంలో పడి పెంచుకుంటామన్న గొడవ మర్చిపోతారు.

ఇంకొకటి, ఇది పెద్దవాళ్లకి. బాట పక్కన గంగవాయిలి కూర, అడవి తోటకూర నవనవలాడుతూ కనబడతాయి. పార్కులో ఆకు కూడా కొయ్యకూడదు. మందు కొట్టి ఉండొచ్చు కూడా. మా అమ్మ చీర కొంగులో ఒకసారి ఏమి దొరికిందో చెప్పను.

వాలంటీరుగా చేరడం

రెండు మూడు ప్రోగ్రాములకి వెళ్లాక ఈ పని మొదలుపెట్టండి, ముందే వద్దు. పార్క్ అథారిటీ సైటులో వాలంటీరు పేజీలో ఖాళీలుంటాయి: కౌంటర్ దగ్గర కూర్చోవడం, జంతువులకి మేత వెయ్యడం, తోటపని, క్యాంపుల్లో సాయం, కలుపు మొక్కలు తియ్యడం. దరఖాస్తు నింపాక చాలామంది అక్కడితో ఆగి జవాబు కోసం చూస్తుంటారు. మీరు ఆగకండి. ఆ నేచర్ సెంటర్‌కి వెళ్లి, వాలంటీర్లని చూసుకునేవాళ్లు ఎవరో కనుక్కుని ఒక చిన్న మెయిలు రాయండి. అందులో మూడే సంగతులుండాలి: వారంలో ఏ రోజు ఏ వేళ రాగలరు, ఎన్ని నెలలు రాగలరు, మీ పార్కులో ఫలానా ప్రోగ్రాముకి వచ్చాం అన్న మాట. ప్రకృతి అంటే ప్రాణం అని పేరాలు పేరాలు రాస్తే వాళ్లకి ఉపయోగం లేదు. మంగళవారం పది నుంచి పన్నెండు అంటే ఉపయోగం.

పిల్లలకైతే తల్లిదండ్రుల సంతకం కావాలి. కనీస వయసు పనిని బట్టి మారుతుంది, అడగండి. పిల్లలతో చేసే పనులకి పెద్దవాళ్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, అందుకు టైం పడుతుంది కాబట్టి వసంతంలోనే మొదలుపెట్టాలి.

మొదట ఇచ్చే పని చిన్నదే ఉంటుంది. మా అమ్మాయి జంతువులతో పని అనగానే గుడ్లగూబని చేతి మీద కూర్చోబెట్టుకోవచ్చనుకుంది. రెండు వారాలు తాబేలు తొట్టి కడిగించారు. మూడో వారం నుంచి ఆ తాబేలు తన అడుగుల చప్పుడికి మెడ బయటపెడుతోందని ఇంటికొచ్చి చెప్పింది. తాబేలుకి మేత వేళ అయి ఉంటుందని నా అనుమానం. పైకి అనలేదు.

దరఖాస్తు గొడవ ఎక్కువ వద్దు అనుకునేవాళ్లకి, కుటుంబమంతా కలిసి చేసేవాళ్లకి కలుపు తీసే పనిదినాలు మేలు. ఇన్వేసివ్ మేనేజ్‌మెంట్ ఏరియా అని కౌంటీ వాళ్ల కార్యక్రమం ఉంది. ఒక్కో చోటికి ఒక వాలంటీరు నాయకుడు ఉంటాడు, తేదీ ప్రకటిస్తారు, పేరు ఇచ్చి వెళ్లడమే. గ్లవ్స్, పనిముట్లు వాళ్లే ఇవ్వవచ్చు కానీ మీ సొంత గ్లవ్స్ తీసుకెళ్లండి. వాళ్ల దగ్గర పిల్లల సైజు దొరకడం కష్టం.

జులై, ఆగస్టుల్లో తీసేది ఎక్కువగా జపనీస్ స్టిల్ట్‌గ్రాస్. దగ్గరగా చూస్తే పొట్టి వెదురు ఆకులా ఉంటుంది. ఆకు మధ్యకి కాస్త పక్కగా వెండి గీత మెరుస్తుంది, అదే గుర్తు. దాన్ని పోలిన ఇక్కడి సొంత గడ్డి ఇంకోటి ఉంది, దానికి ఆ గీత ఉండదు. అది పీకకూడదు. ఈ స్టిల్ట్‌గ్రాస్ అమెరికాలో 1919 ప్రాంతంలో టెనెసీలో మొదట కనిపించింది, చైనా పింగాణీ సామాన్లకి పొట్లాం గడ్డిగా వచ్చి ఉంటుందంటారు. వేరు లోతుగా ఉండదు, మొదట్లో పట్టుకుని లాగితే చెయ్యి నిండా వచ్చేస్తుంది. వరి మడిలో ఊద తీసిన చేతులకి ఇది ఆటలాంటిది. విత్తనం పడకముందే తియ్యాలి, అందుకే ఆగస్టు చివరికల్లా తొందరపడతారు. విత్తనం ఒకసారి నేలలో పడితే ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటుంది.

మా నాన్న మొదటి రోజు అరగంటలో ఒక చాపంత మేర శుభ్రం చేసి, నడుం పట్టుకుని లేచి నాయకుడికి వయ్యారిభామ కథ చెప్పాడు, నేను ఇంగ్లీషులోకి మార్చాను. మీ అమెరికా ఖండం నుంచి మా పొలాల్లోకి వచ్చి పడింది, దాన్ని పీకలేక చచ్చాం, ఇప్పుడు మీ కలుపు నేను పీకుతున్నాను అని. ఆ నాయకుడు అంతసేపు నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

హైస్కూలు పిల్లల గంటలు

వర్జీనియాలో హైస్కూలు డిప్లొమా మీద సివిక్స్ సీల్ (పౌరశాస్త్రంలో ప్రతిభకి వేసే ముద్ర) రావాలంటే ఉండే షరతుల్లో 50 గంటల సేవ ఒకటి. పార్కు పని దీనికి లెక్కలోకి వస్తుందా అన్నది ముందే బళ్లో కౌన్సెలర్‌ని అడిగి, ఏ ఫారం మీద ఎవరి సంతకం కావాలో తెలుసుకుని మొదలుపెట్టండి. పని అయిపోయాక సంతకాల కోసం తిరగడం ఇద్దరికీ ఇబ్బంది. గంటలు ఏ రోజుకారోజు రాసుకోమనండి. మీ తరఫున ఒకటి: వాళ్ల బదులు మీరు మెయిళ్లు రాయకండి. రాలేని రోజున ముందురోజే ఫోను చేసి చెప్పడం వాళ్లే చెయ్యాలి. పద్నాలుగేళ్ల పిల్లకి ఆ ఫోను చెయ్యడం తాబేలు తొట్టి కడగడం కంటే కష్టం.

అమ్మానాన్నలు, హెచ్‌-4 వాళ్లు

వీసా గురించి అందరూ అడుగుతారు. డబ్బు, బహుమతి కార్డు, భత్యం ఏదీ తీసుకోకుండా, మామూలుగా ఎవరికీ జీతం ఇవ్వని సేవ ప్రభుత్వ పార్కులో చెయ్యడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. జీతం ఇచ్చే ఉద్యోగాన్ని ఊరికే చేసిపెట్టడం మాత్రం సేవ కింద లెక్క కాదు. మీ పరిస్థితిలో ఏ కాస్త మెలిక ఉన్నా వీసా పని చూసిన లాయరుని ఒక మాట అడగండి. బీ-2 (సందర్శకుల వీసా) మీద వచ్చిన పెద్దవాళ్లకి విజిటర్ ఇన్సూరెన్సు ఉందో లేదో కూడా బయల్దేరే ముందే చూసుకోండి. అడవిలో కాలు జారడానికి వయసుతో పనిలేదు.

భర్త లేదా భార్య ఉద్యోగ వీసా వెంట వచ్చి ఇంటి దగ్గర పగలంతా ఖాళీగా ఉండే హెచ్‌-4 వాళ్లకి, ఇంకా లోతుగా నేర్చుకోవాలనుకునేవాళ్లకి వర్జీనియా మాస్టర్ నేచురలిస్ట్ శిక్షణ ఉంది. 40 గంటల పాఠాలు, ఆ తర్వాత 40 గంటల సేవ, ఇంకో 8 గంటల అదనపు శిక్షణ పూర్తిచేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. ఫెయిర్‌ఫాక్స్‌కి వాళ్ల శాఖ ఉంది. చెట్టు పేర్లు తెలియని దేశంలో ఉన్నామన్న వెలితి దాంతో పోతుంది. మిల్క్‌వీడ్ ఆకు తుంచితే తెల్లపాలు కారడం చూసి ఇది మన జిల్లేడు చుట్టమే అని పోల్చుకోవడం, దాని మీద చారల గొంగళిపురుగు మోనార్క్ సీతాకోకచిలుకదని తెలియడం, జిల్లేడు మీద మన ఊళ్లో చూసిన పురుగూ దాదాపు ఇలాగే ఉండేదని గుర్తురావడం. అక్కడినుంచి ప్రతి మొక్కనీ అలాగే చూస్తారు.

క్యాంపులన్నీ ఆగస్టు మధ్యకి ముగుస్తాయి, బడి తెరుస్తారు. అప్పుడు పార్కు మానేయకండి, జనం పలచబడేది అప్పుడే. సెప్టెంబరు మొదట్లో రివర్‌బెండ్‌లో నది పక్క నీడలో పావ్‌పావ్ చెట్ల కిందకి వెళ్లండి. పెద్ద పెద్ద ఆకులు వేలాడుతుంటాయి. సీతాఫలం కుటుంబం అది, పండు లోపల అలాంటి గుజ్జు, అలాంటి నల్ల గింజలు. కొయ్యకూడదు. కింద రాలి పగిలినదాని దగ్గర వంగి వాసన చూడండి, అమ్మని కూడా చూడమనండి.